హాల్టు బస్సు ఎలా పోయింది

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు హాల్టు బస్సు నరసన్నపేట స్టాండులోకి వచ్చింది. ఆ రోజుకు ప్రత్యేకత ఏమీ లేదు. రోజూ ఆ వేళకే వచ్చేది. బస్సు మలుపు తిరగక ముందే చేపల వాసన నా గదిలోకి వచ్చేది, నేను మైకు అందుకునేవాణ్ణి. డ్రైవరు సింహాచలం కిటికీలోంచి తల బయటపెట్టి, "బాబూ, బేగి సెప్పీయండి. కోటబొమ్మాళి జనం ఆ టీ కొట్టు కాడే ఉండిపోతారు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. జనం టీ కొట్టు దగ్గరే ఉండేవారు. బస్సు కదిలాక పరుగెత్తుకొచ్చి తలుపు మీద కొట్టేవారు. సింహాచలం ఆపేవాడు. మర్నాడు మళ్ళీ అంతే.

నేను కండక్టరుగా చేరి, చివరి ఏళ్ళలో స్టాండు కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. మధ్యలో ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానన్నది ఎవరికీ అక్కర్లేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న కొందరు, పని ఎలా ఉంటుందో రాసిపెట్టమని అడిగారు. చాలా సంగతులు రాయవచ్చు. నాకు బాగా తెలిసింది ఈ ఒక్క బస్సు సంగతి. 2010 తర్వాత తొలి ఏళ్ళలో జరిగింది. అదే రాస్తాను.

కిటికీ దగ్గర

కంట్రోలరు పనిలో ఎక్కువ భాగం రాని బస్సు గురించి మాట్లాడటమే. బోర్డు మీద పెద్ద అక్షరాలతో వేళలు రాసి ఉంటాయి. మైకులో చెబుతాం. అయినా జనం కిటికీ దగ్గరికి వచ్చి అడుగుతారు. చెప్పిన జవాబు విన్న పక్క మనిషి మళ్ళీ అదే అడుగుతాడు. ఒకసారి ఒక పెద్దాయన నేను చెప్పింది విని, నేరుగా సోడా బండి దగ్గరికి వెళ్ళి అతన్ని అడిగాడు. అతను నేను చెప్పిన వేళే చెప్పాడు. అప్పుడు పెద్దాయన నమ్మి బెంచీ మీద కూర్చున్నాడు. ఇలాంటివాటికి కోపం తెచ్చుకుంటే ఆ కుర్చీలో ఒక వారం కూడా ఉండలేరు. నేను తెచ్చుకునేవాణ్ణి, కానీ మైకు ఆపేశాక.

అంతకంటే విసుగు పుట్టించేది బస్సు కావాలని వచ్చే ఊళ్ళు. రోడ్డు మీద కూర్చుంటారు, అర్జీలు పెడతారు, నాయకుడి చేత ఫోను చేయిస్తారు. బస్సు వేస్తాం. మొదటి రోజు బస్సుకు అరటి పిలకలు కట్టి కొబ్బరికాయ కొడతారు. నాయకుడు ముందు సీట్లో కూర్చుని ఫోటో దిగి, వెనకే వచ్చిన తన కారెక్కి వెళ్ళిపోతాడు. మూడు నెలలు తిరిగేసరికి ఆ ఊళ్ళో బస్సెక్కేవాళ్ళు ఉండరు. అలాంటి ఊరి పెద్ద ఒకాయన్ని, "బస్సు వస్తోంది కదా, ఎక్కరేం?" అని అడిగాను. "ఎక్కడానికేటండి, ఊరికి బస్సుంటే అదొక మర్యాద" అన్నాడు. ఆయన నన్ను ఎగతాళి చేయలేదు. మనసులో ఉన్నదే చెప్పాడు.

వంతులు

హాల్టు బస్సంటే సాయంత్రం ఆఖరి ట్రిప్పుగా ఒక ఊరికి వెళ్ళి, రాత్రికి అక్కడే ఆగి, తెల్లవారుజామున అక్కడినుంచే బయలుదేరే బస్సు. డిపో నుంచి పొద్దున్నే ఖాళీగా పరుగెత్తే పని ఉండదు, ఊరివాళ్ళకు తెల్లవారే వేళకు బస్సు ఇంటి ముందే ఉంటుంది. మా హాల్టు కళింగపట్నం పక్కన సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఉండేది. పల్లె పేరు రాయను. అక్కడ ఇప్పటికీ నన్ను పలకరించేవాళ్ళున్నారు. అది పోగొట్టుకోదలచుకోలేదు.

డ్రైవరు, కండక్టరు తుఫాను షెల్టరు మేడ మీద పడుకునేవారు. కూడు పల్లెవాళ్ళది. రోజుకో ఇంటి వంతు. వంతు వచ్చిన ఇంట్లో ఆ పూట ఏది వండితే అదే వీళ్ళకూ. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. సింహాచలం ఒక్క శనివారం మాత్రం నీచు ముట్టేవాడు కాదు. అందుకని శనివారం వంతు ఎవరూ కోరేవారు కాదు. ఈ గొడవ నా కిటికీ దాకా వచ్చేది. తోటి ఆడవాళ్ళ చేపల గంపలు దించుతూ దించుతూ, ఆ పల్లె నుంచే చేపలమ్మడానికి వచ్చే దాలమ్మ అతన్ని దెప్పుతుండేది.

"వారమంతా మా సేపలు తిని శనివారం సాధువైపోతాడు. సముద్రం ఒడ్డున పప్పు ఎక్కడ ఏరుకొచ్చీది బావా?"

"వండకే వదినా. పస్తుంటాను."

"నువ్వు పస్తుంటే పొద్దుట బస్సెవుడు తోల్తాడు? నీకు కాదు కూడు పెడతన్నది. బస్సుకి."

దాలమ్మ మగడు చాలా ఏళ్ళ కిందటే పోయాడు. ఒక్కతే కూతురు. దాలమ్మకు రెండు గంపలు, ఒకటి పచ్చి చేపది, ఒకటి ఎండు చేపది. రెండూ బస్సు పైన కారియర్ మీద వేసుకొచ్చేది. మిగతా ఆడవాళ్ళు నరసన్నపేటలో దిగి మార్కెట్‌కు పోయేవారు. ఆమె కోటబొమ్మాళి దాకా వెళ్ళి, అటువైపు వరి పండించే ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి అమ్మేది. ఆ ఇళ్ళల్లో పొలం వెళ్ళేవాళ్ళ కోసం పెందలాడే వండేస్తారు. పొయ్యి మీద కూర పెట్టకముందు చేప గుమ్మంలో ఉంటే కొంటారు. పొయ్యి ఆరాక వచ్చిన పచ్చి చేపను ఎవరూ కొనరు. ఆ బస్సు ఆ వేళకు రావడం మీదే ఆమె బతుకు నడిచేది. కూతురి పెళ్ళి కూడా ఆ రెండు గంపల మీదే చేసింది.

ఒక ఏడాది పల్లెలో రెండు వీధుల మధ్య తగువొచ్చింది. బస్సు ఏ వీధిలో తిరగాలన్నది తగువు. రెండు వీధుల్లోనూ బస్సు తిరిగేంత చోటు ఉంది, తగువు మాత్రం చోటు గురించి కాదు. ఆ పంతంలో ఒక సాయంత్రం వంతు మీదంటే మీదని రెండు వీధులూ ఊరుకున్నాయి. సింహాచలం, కండక్టరు బిస్కట్లు తిని పడుకున్నారు.

మామూలుగా సింహాచలం బయలుదేరే ముందు ఇంజను వేసి చాలాసేపు హారను కొట్టేవాడు. అది విని ఆడవాళ్ళు గంపలు ఎత్తుకునేవారు. ఆ మర్నాడు హారను కొట్టలేదు. టైము కాగానే బయలుదేరాడు. బస్సు వాసన లేకుండా నా స్టాండుకు వచ్చింది. ఎండెక్కాక దాలమ్మ ఎవరి బండో పట్టుకుని వచ్చి నా కిటికీ ముందు నిలబడింది.

"మీ డ్రైవరు మమ్మల్ని ఒగ్గీసి ఎలిపోనాడు బాబూ."

"టైముకే బయల్దేరాడు కదమ్మా."

"టైముకి ఎలిపోతే ఎలగ? మేం ఎక్కాలి కదేటి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో టైముకు బయలుదేరిన బస్సు మీద నాకు వచ్చిన ఫిర్యాదు అదొక్కటే. సింహాచలాన్ని పిలిచి అడిగాను. "రూలు ప్రకారం ఎల్నాను బాబూ. కూడు పెట్టడం రూలు కాదు, హారను కొట్టడం రూలు కాదు. ఆలు ఒకటి మానేసినారు, నాను ఇంకోటి మానేసినాను" అన్నాడు. ఆ సాయంత్రం రెండు వీధులూ కూడు పంపాయి. సింహాచలం రెండూ తిన్నాడట.

కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. పల్లెటూరి బస్సు రూల్లో లేని ఇలాంటి పనుల మీద నడుస్తుంది. అవి ఉన్నంతకాలం పై వాళ్ళకు కనపడవు. పోయాక బస్సు ఎందుకు నడవడం లేదో వాళ్ళకు అంతుపట్టదు.

అల్లుడి ఆటో

దాలమ్మ కూతుర్ని ఆ పల్లెలోనే రాజు అనే అబ్బాయికి ఇచ్చింది. రాజు పడవ పని మానేసి ఆటో కొన్నాడు. మంచివాడే. తాగడు, అత్తను గౌరవంగా చూసేవాడు. తెల్లవారుజామున ఆటోను షెల్టరు ముందే పెట్టి, బస్సు కంటే కొంచెం ముందుగా జనాన్ని ఎక్కించుకుని బయలుదేరేవాడు. కాలేజీ పిల్లలు, తాపీ పనివాళ్ళు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు అందరూ ఆటోలోనే. బస్సుకు గంపల ఆడవాళ్ళు మాత్రం మిగిలారు. చేప వాసనకు మిగతావాళ్ళు రారని వీళ్ళను ఆటోవాళ్ళు ఎక్కించుకునేవారు కాదు. రాజును చూసి ఇంకో ఇద్దరు ఆటోలు తెచ్చారు.

జనాన్ని తప్పుపట్టలేను. మా డిపో ఆ రూటుకు ఎప్పుడూ పాత బస్సునే పంపేది. వానాకాలంలో పైకప్పు కారి సీట్లు తడిసేవి. బస్సు దారిలో ఆగిపోతే ఇంకో బస్సు పంపేవారు కాదు. ఎన్నిసార్లు చెప్పినా, "ఆ రూటుకు అది చాలులే" అనేవారు. ఆటో ఇంటి ముందు ఆపుతుంది, పిలిస్తే ఆగుతుంది. నేనైనా ఆటోయే ఎక్కుతాను.

ఒకరోజు రాజు స్టాండు బయట కనపడితే పిలిచాను.

"ఒరే రాజూ, బస్సుకు ముందే ఎందుకు లాగుతావు? బస్సెళ్ళాక బయల్దేరొచ్చు కదా."

"అప్పుడెవుడెక్కుతాడు మావా? బస్సు ఊడ్సుకుపోతాది."

"ఇలాగైతే బస్సు తీసేస్తారు. అప్పుడు మీ అత్త గంపలు ఎవరు తీసుకెళ్తారు?"

"బస్సెక్కడికి పోతాది మావా, గవర్నమెంటుది."

జిల్లాలో చాలా రూట్లలో బస్సులు ఈ మాట మీదే పోయాయి. గవర్నమెంటుది కాబట్టి ఎక్కకపోయినా ఉంటుంది, ఉంటుంది కాబట్టి ఎక్కక్కర్లేదు. దీనికి జవాబు చెప్పబోయి నేను చాలాసార్లు గొంతు పోగొట్టుకున్నాను.

దాలమ్మతో కూడా అన్నాను, అల్లుడికి నువ్వు చెప్పొచ్చు కదా అని.

"అల్లుడికి నానేటి సెప్తాను బాబూ. ఆడు తోలింది నా కూతురు తింతాది" అంది.

ఒక మంచి మేనేజరు

అప్పుడు మా డిపోకు కొత్త మేనేజరు వచ్చాడు. వయసు తక్కువ. నిజాయితీపరుడు, ఎవరినీ ఏకవచనంతో పిలిచేవాడు కాదు. నా బల్ల మీద ఉన్న పుస్తకం చూసి దాని గురించి మాట్లాడిన మేనేజరు ఆయనొక్కరే. కాగితం మీద లెక్క చూసి బస్సు కొట్టేసే రకం కూడా కాదు. ఒక సాయంత్రం హాల్టు బస్సెక్కి పల్లెకు వెళ్ళాడు, వంతు కూడు తిన్నాడు, షెల్టరు మేడ మీద సింహాచలం పక్కన పడుకున్నాడు. తెల్లారి తన కళ్ళ ముందే జనం ఆటోలెక్కి వెళ్ళిపోవడం చూశాడు. బస్సులో గంపల ఆడవాళ్ళతో పాటు తను ఒక్కడే కూర్చుని నరసన్నపేట వచ్చాడు.

నా గదికి వచ్చి, "మీరే చెప్పండి, ఎవరి కోసం నడపాలి?" అని అడిగాడు.

"ఇప్పుడు మీతో దిగిన ఆడవాళ్ళ కోసం సార్."

"వాళ్ళ కోసమే అయితే పైవాళ్ళకు నేను జవాబు చెప్పలేను. ఊరంతా ఎక్కాలి. ఊరినే అడుగుదాం."

పది రోజుల్లో షెల్టరు కింద మీటింగు పెట్టాడు. నన్నూ తీసుకెళ్ళాడు. పెద్దలు, ఆటోవాళ్ళు ముందు కూర్చున్నారు. ఆడవాళ్ళు గోడ వారగా నిలబడ్డారు. బస్సు ఉండాలని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ఒక పెద్దాయన బస్సు గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆయన ఆ బస్సెక్కగా నేను ఎప్పుడూ చూడలేదు.

మేనేజరు అంతా విని, "నేను ఒకటే అడుగుతాను. పొద్దున బస్సు కదిలేదాకా ఆటోలు జనాన్ని ఎక్కించుకోకూడదు. ఈ మాట ఇవ్వండి, బస్సు ఉంచుతాను" అన్నాడు.

ఆటోవాళ్ళు పెద్దల వైపు తిరిగారు. చివరికి ఆ పెద్దాయనే, "అలగెలగండి. ఆటోలోళ్ళు మావోళ్ళు కదా" అన్నాడు.

వెనకనుంచి సింహాచలం, "మరి నానెవుణ్ణి? ఇన్నేళ్ళు మీ కూడు తిన్నాను" అన్నాడు.

"నువ్వూ మావోడివే. ఈ బస్సు పోతే నీకు ఇంకో బస్సిస్తారు. ఆడి ఆటో పోతే ఆడికెవుడిస్తాడు?"

అప్పుడు రాజు లేచాడు. "బస్సు తీసీసినా పరవాలేదు సార్. అత్త గంపలు నాను ఏసుకెల్తాను. అందరి గంపలూ మేమే ఏసుకెల్తాం" అన్నాడు. మిగతా ఇద్దరు ఆటోవాళ్ళు తలూపారు.

అందరూ దాలమ్మ వైపు చూశారు. కూతురు చంటిపిల్లను చంకనేసుకుని తల్లి పక్కనే నిలబడి ఉంది.

"గంపలు ఏస్తావు, నన్నెక్కడ కూకోబెడతావు? నీ నెత్తి మీదా?" అంది దాలమ్మ. జనం నవ్వారు.

"నా పక్కనే కూకో అత్తా."

ఆమె చంటిపిల్ల వైపు చూసింది. "నా కూతురు కూడు నాను తీసీలేను. కానీండి" అంది.

మీటింగు ముగిసింది. మేనేజరు నెల తిరక్కుండా హాల్టు బస్సు ఎత్తేశాడు. ఊరు ఒప్పుకుందని రాసి పంపాడు. అది అబద్ధం కాదు.

ఆయన మంచివాడు కావడం వల్లే ఈ పొరపాటు రాస్తున్నాను. చెడ్డవాళ్ళ పొరపాట్ల నుంచి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. బస్సు అవసరమైనవాళ్ళు ఆ ఊళ్ళో పదిహేను మంది ఆడవాళ్ళు. వాళ్ళకు అది కావాలని చెప్పాలంటే సొంత అల్లుడికి, మరిదికి, పక్కింటివాడికి ఎదురు చెప్పాలి, అదీ ఊరందరి ముందు. ఏ ఆడమనిషి చెబుతుంది? వాళ్ళను బస్సులో అడగాల్సింది. ఆ తెల్లవారుజామున ఆయన వాళ్ళతోనే కూర్చుని వచ్చాడు. కిటికీలోంచి ఆటోలను చూస్తూ వచ్చాడు.

ఆ తర్వాత

రాజు మాట తప్పాడని అనలేను. కొన్ని వారాలు గంపలు వేసుకొచ్చాడు. సీటు కిందికి నీచు నీళ్ళు కారాయి. కాలేజీ పిల్లలు బట్టలకు వాసన పట్టిందని వేరే ఆటో ఎక్కారు. ఆ వేరే ఆటోవాడు గంపలు మానేశాడు కాబట్టి అతనికి జనం దొరికారు. రాజు కూడా అత్తను రెండో ట్రిప్పుకు రమ్మన్నాడు. రెండో ట్రిప్పులో వచ్చి, నరసన్నపేటలో ఇంకో బండి పట్టుకుని, ఆమె ఆ ఊళ్ళకు చేరేసరికి పొయ్యిలు ఆరిపోయేవి. పచ్చి చేప మానేసి ఎండు చేప ఒక్కటే తెచ్చింది కొంతకాలం. మిగతా ఆడవాళ్ళు అంతకుముందే అమ్మకం మానేశారు.

ఒకరోజు కిటికీ దగ్గరికి వచ్చింది.

"బస్సు మల్లీ ఎయ్యరా బాబూ?"

"అర్జీ పెట్టారా?"

"పెట్టినాం. అందరూ సంతకాలు సేసినారు. రాజు కూడా సేసినాడు."

నేను నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

అర్జీకి ఫలితం వచ్చింది. అప్పటికి ఆ మేనేజరు బదిలీ మీద వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినాయన డిపో నుంచి పొద్దున ఒక బస్సు వేశాడు. ఎండెక్కాక పల్లెకు చేరుతుంది. కొత్త బస్సు, సీట్లు బాగుంటాయి. కొత్త బస్సులకు వెనక నిచ్చెన లేదు, పైన కారియర్ లేదు. చేపలు లోపలికి ఎక్కించకూడదన్నది పాత రూలే. దాలమ్మ గంపతో వస్తే కండక్టరు వద్దన్నాడు. "పైన ఏస్తాను లే" అని ఆమె బస్సు వెనక్కి వెళ్ళిందట. ఎక్కడానికి ఏమీ కనపడక అటూ ఇటూ చూసి, గంప ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయిందట. కండక్టరు నాకు ఇది నవ్వుతూ చెప్పాడు. కొత్తగా చేరాడు, అతనికి ఆమె ఎవరో తెలియదు. నేను అతన్ని గట్టిగా కసురుకున్నాను. అతను చేసిన తప్పేమీ లేదు.

సింహాచలం రిటైరైన ఏడాదే పోయాడు. గుండెపోటు. బస్సు ఆగిపోయాక అతను మామూలు రూట్లలో నడిపాడు. ఎప్పుడైనా కలిస్తే ఆ పల్లె సంగతి ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరం ఎన్నో ఏళ్ళు పొద్దున్నే ఒకరి మొహం ఒకరం చూసిన వాళ్ళం. మాకు మాటలు పెద్దగా అవసరమయ్యేవి కావు. ఇప్పుడు అడగాలనిపించేవి కొన్ని ఉన్నాయి.

పన్నెండో రోజున అతని ఇంటికి పల్లె నుంచి ఆడవాళ్ళు వచ్చారు. రాజు ఆటోలో తీసుకొచ్చాడు, వాకిట్లో నిలబడి లోపలికి రాలేదు. దాలమ్మ నా పక్కన చాప మీద కూర్చుంది. వ్యాపారం ఎలా ఉందని అడిగాను.

"యాపారమేటి బాబూ. ఊల్లోకే సేపలు కొనీవోల్ల వేను వస్తాది. ఆలు సెప్పిన రేటుకి ఆలే తూసుకుంటారు. నాను సేపలు ఏరే కూలికెల్తన్నాను."

"కోటబొమ్మాళి వైపు వాళ్ళు ఎవరైనా అడుగుతున్నారా?"

"ఒకాయమ్మ పెళ్ళిలో కనపడి, రాడం మానేసినావేమే, మాకు సేప లేదు అంది. నీకు సేప లేదు, నాకు బస్సు లేదు అన్నాను." వాకిట్లోకి చూసి, "రాజుని ఏటనకండి బాబూ" అంది.

అనడానికి ఎవరి పేరు పట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. రాజు తన ఇల్లు చూసుకున్నాడు, మేనేజరు ఊరిని అడిగాడు, ఊరు తన వాళ్ళను కాపాడుకుంది, డిపో పాత బస్సు పంపింది, కండక్టరు రూలు పాటించాడు. ఎవరి పని వాళ్ళు చేశారు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు నన్ను పని ఎలా ఉంటుందని అడిగారు. ఇలా ఉంటుంది.

ఆ పల్లె ఆడవాళ్ళు ఇప్పుడు నరసన్నపేట మార్కెట్‌కు గానీ, కోటబొమ్మాళి వైపు ఊళ్ళకు గానీ వెళ్ళి చేపలు అమ్మడం లేదు.